వారాంతపు ర్యాపిడ్ చదరంగం టోర్నీ: బంటు ఎక్కువున్నా గెలవనివ్వని ఎండ్‌గేమ్

బంటు64 | ఆదివారం, రాత్రి 10:40

ఈ శని, ఆదివారాల్లో విజయవాడలో ఒక ర్యాపిడ్ ఓపెన్, అంటే ఎవరైనా ఆడగల వేగపు చదరంగం టోర్నీ, ఆడాను. తొమ్మిది రౌండ్లు, ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్‌షిప్‌లో వాడే కాలపరిమితే ఇది. నాకు 5.5 పాయింట్లు వచ్చాయి. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు ఫోనులో ఆడుకునే పెద్దవాళ్లు ఈ వేదికలో చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరికైనా ధైర్యం వస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొదటి రౌండు స్విస్ పద్ధతిలో ఎలా ఉంటుందో తెలిసిందే. రేటింగుల (ఆటగాళ్ల బలాన్ని చెప్పే అంకెలు) వరుసలో ఉన్న జాబితాను సగానికి విడదీసి, పై సగంలో మొదటివారికి కింది సగంలో మొదటివారిని జతచేస్తారు. నాకు రేటింగు లేని చిన్న బాబు వచ్చాడు. బాగా ఆడాడు కానీ గుర్రం పోగొట్టుకున్నాక ఆట త్వరగా ముగిసింది. రెండో రౌండులో నాకంటే మూడు వందల పాయింట్లు పైనున్న కాలేజీ కుర్రవాడు నన్ను స్థానబలంతోనే నొక్కేశాడు. మూడోది గెలిచాను. ఈ మూడింటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

చెప్పవలసింది నాలుగో రౌండు. ఎదురుగా పదకొండేళ్లు ఉంటాయేమో, ఒక అమ్మాయి. రేటింగు నాకంటే దాదాపు రెండు వందలు తక్కువ. నాది తెలుపు. మధ్య ఆటలో ఒక బంటు గెలిచాను. తర్వాత మిగతా పావులన్నీ ఇచ్చిపుచ్చుకోవడంలో పోయి ఒక ఏనుగు, ఒక బంటు నాకు; ఒక ఏనుగు ఆమెకు మిగిలాయి. ఇలా కొద్ది పావులే మిగిలిన చివరి దశే ఎండ్‌గేమ్. నా రాజు డీ5లో (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డు వరుస), బంటు ఈ5లో, ఏనుగు హెచ్7లో. ఆమె రాజు ఈ8లో, ఏనుగు ఏ6లో. ఆమె గడియారంలో నిమిషం కూడా లేదు, నాకు నాలుగు నిమిషాలు ఉన్నాయి. ఇంకేముంది, గెలిచేశాననుకున్నాను.

ఆ ఏనుగు ఆరో వరుస దాటి రావడం లేదు. నా రాజు డీ6కు గానీ, ఎఫ్6కు గానీ ఎక్కకుండా అడ్డంగా కాపలా కాస్తోంది. నా ఏనుగును ఎటు తిప్పినా ఆమె తన ఏనుగును అదే వరుసలో పక్కకు జరుపుతోంది, అంతే. ఒక్కో ఎత్తుకు మూడు సెకన్లు కూడా తీసుకోవడం లేదు కాబట్టి ఆమె గడియారం తగ్గడానికి బదులు పెరుగుతోంది! చివరికి బంటును ఈ6కు తోశాను. తోసిన మరుక్షణం ఆమె ఏనుగు ఏ6 నుంచి ఏ1కు దిగిపోయింది. అక్కడి నుంచి వరుసగా వెనుక వైపు చెక్‌లు. నా రాజు దాక్కోవలసిన చోట ఇప్పుడు నా బంటే ఉంది. రాజును కిందికి దింపి ఏనుగు మీదికి వెళితే బంటు పోతుంది. ఒకే స్థితి మూడోసారి వస్తుందనగా ఆమె గడియారం ఆపి చెయ్యెత్తింది. ఆర్బిటర్ (న్యాయనిర్ణేత) వచ్చి డ్రా అని రాసుకున్నారు.

ఆట అయ్యాక హాలు బయట అడిగాను, అది ఎలా తెలుసని. "అది ఫిలిడోర్ స్థితి అంకుల్, బంటు ఆరో గడికి వచ్చేదాకా ఏనుగు ఆ వరుస వదలకూడదు, వచ్చాక వెనక్కి పోవాలి" అంది. అంతే, పరిగెత్తుకుంటూ వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి ఆ స్థితిని ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్‌లో (కొద్ది పావుల స్థితులకు కచ్చితమైన ఫలితం చెప్పే కంప్యూటర్ పట్టిక) పెట్టి చూశాను. మొదటి నుంచీ డ్రాయే. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. కానీ నన్ను వదలని ప్రశ్న వేరు. నేను నల్లపావులతో ఆమె స్థానంలో ఉండి, గడియారంలో నలభై సెకన్లే ఉంటే ఆ ఆటను నిలబెట్టేవాడినా? నిజం చెప్పాలంటే ఏనుగును ఎనిమిదో వరుసకు లాగి రాజు పక్కన పెట్టుకునేవాడిని. మనం ఓపెనింగుల (ఆట మొదటి ఎత్తుల) వీడియోలు ఏళ్ల తరబడి చూస్తాం. ఈ ఒక్క స్థితి మాత్రం ఎందుకు నేర్చుకోం?

రెండో రోజు కూడా సగానికి దగ్గరగా నా ఆటలు ఏనుగుల ఎండ్‌గేమ్‌లలోనే తేలాయి. పెద్దవాళ్లుగా టోర్నీలు ఆడేవాళ్ల అనుభవం ఏమిటో రాయండి.

---

కృష్ణాతీరం | ఆదివారం, రాత్రి 11:05

అభినందనలు బంటు64 గారూ. 5.5 చాలా మంచి స్కోరు. నేను కూడా అదే హాల్లో ఉన్నాను, డెబ్బయ్యో బోర్డు దగ్గర! తెలిసి ఉంటే కలిసేవాళ్లం కదా. ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాతి రౌండు మీకెలా గడిచింది? నాకు మాత్రం కళ్లు మూతలు పడ్డాయి.

---

నిర్ణేత | సోమవారం, ఉదయం 6:50

నేను టోర్నీల్లో ఆర్బిటర్‌గా పనిచేస్తుంటాను. ఆ అమ్మాయి చేసిన పద్ధతి సరైనది కాబట్టి అందరికీ ఉపయోగపడేలా కొంచెం విడమరిచి చెబుతాను. ఒకే స్థితి మూడోసారి *రాబోతున్నప్పుడు* డ్రా కోరాలంటే ఎత్తు వేయకూడదు. ఏ ఎత్తు వేయబోతున్నారో ఆర్బిటర్‌కు తెలియజేయాలి. క్లాసికల్‌లో, అంటే గంటల తరబడి సాగే నిదానపు ఆటల్లో అయితే, ఆ ఎత్తును స్కోరు షీటు మీద రాసి, గడియారం ఆపి పిలవాలి. పావును ముట్టుకున్నారా, ఆ ఎత్తుకు డ్రా కోరే హక్కు పోతుంది. పెద్దవాళ్లలో ఎక్కువమంది ముందు ఎత్తు వేసి, గడియారం నొక్కి, తర్వాత "సార్, మూడుసార్లు అయింది" అంటారు. అప్పటికే ఆలస్యం.

ఫోనులో ఆడి నేరుగా బోర్డు మీదికి వచ్చేవారికి ఇంకొన్ని విషయాలు కూడా చెప్పాలి. ఇవి ప్రతి టోర్నీలోనూ చూస్తున్నాను, పాపం మంచి ఆటలు పాడైపోతున్నాయి.

కోట కట్టేటప్పుడు ముందు రాజును కదపాలి, తర్వాత ఏనుగును, రెండూ ఒకే చేత్తో. ఏనుగును ముందు ముట్టుకుంటే ఆ వైపు కోట కట్టడం కుదరదు, ఏనుగునే కదపాలి. రెండు చేతులతో కట్టి గడియారం నొక్కితే దాన్ని చెల్లని ఎత్తుగా లెక్కిస్తారు. చెల్లని ఎత్తుకు మొదటిసారి ప్రత్యర్థికి రెండు నిమిషాలు కలుపుతారు, రెండోసారి ఆట పోతుంది.

బంటు ఎనిమిదో గడికి చేరి మంత్రిగా మారేటప్పుడు ఆ పావు దగ్గర లేకపోతే కొందరు ఏనుగును తిరగేసి పెట్టి "మంత్రి" అంటారు. ఇంట్లో చెల్లుతుంది, టోర్నీలో చెల్లదు. తిరగేసినా అది ఏనుగే. దాన్ని ఐమూలగా నడిపితే చెల్లని ఎత్తు. ఏం చెయ్యాలంటే గడియారం ఆపి ఆర్బిటర్‌ను మంత్రి అడగాలి. దానికి పూర్తి హక్కు మీకుంది, మొహమాటపడకండి.

---

బంటు64 | సోమవారం, ఉదయం 7:20

నిర్ణేత గారూ, ధన్యవాదాలు. తిరగేసిన ఏనుగు వివాదం మా పక్క బోర్డు మీద నిజంగానే జరిగింది. ఇద్దరూ పెద్దవాళ్లే. ఎవరు రైటో మా చుట్టుపక్కల ఎవరికీ తెలియలేదు.

కృష్ణాతీరం గారూ, మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. రెండు అరటిపండ్లు, మజ్జిగతో సరిపెట్టుకున్నాను. మండపం వెనుక పులిహోర, పెరుగన్నం అమ్ముతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టంగానే ఉండింది కానీ, ఆ తర్వాతి రౌండులో తల తేలికగా ఉంది.

---

మధ్యాట | సోమవారం, ఉదయం 9:15

బంటు64 గారి అనుభవం చదివాను, బాగుంది. కానీ ముగింపుతో నేను ఏకీభవించను. మీకు ఎండ్‌గేమ్ రాకపోవడం అసలు సమస్య కాదు. రోజుకు నాలుగైదు ఆటలు, ఒక్కో ఆట దాదాపు యాభై నిమిషాలు. నలభై దాటిన మనిషి మెదడు అయిదో ఆటకు ఎలా ఉంటుంది? అదే ఒక రోజుకు ఒక ఆట పెట్టి చూడండి, మీరూ ఆ స్థితిలో ఆలోచించి సరైన ఎత్తు కనిపెట్టేవారే. ర్యాపిడ్ అనేది పిల్లల ఆట. పెద్దవాళ్లు క్లాసికల్‌కే వెళ్లాలి. నేను ర్యాపిడ్ ఆడటం మానేసి చాలా కాలమైంది, ఆట మీద ప్రేమ మళ్లీ పుట్టింది.

---

అమ్మ_హనుమకొండ | సోమవారం, ఉదయం 11:30

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. నాకు ఆట రాదు, వాడి కోసం పావుల పేర్లు నేర్చుకున్నాను. హాల్లోకి తల్లిదండ్రులను రానివ్వరు కాబట్టి మా వారాంతాలన్నీ వరండాల్లో, కుర్చీలు దొరక్కపోతే మెట్ల మీద గడుస్తాయి. అక్కడ ఇతర తల్లులతో మాట్లాడటం వల్ల కొన్ని సంగతులు తెలిశాయి.

పిల్లలకు ఆ ఎండ్‌గేమ్‌లు ఎలా వచ్చాయంటే, గురువుగారు ఒకే స్థితిని బోర్డు మీద పెట్టి ఇద్దరు పిల్లలను కూర్చోబెడతారు. ఒకరు గెలవడానికి చూడాలి, ఇంకొకరు ఆపాలి. అయ్యాక వైపులు మారాలి. వారం తర్వాత మళ్లీ అదే. ఎక్కాలు అప్పజెప్పినట్టే. మా వాడు మొదట ఏడ్చేవాడు, ఓపెనింగులే చెప్పమని. ఇప్పుడు వాడే తమ్ముడికి నేర్పుతున్నాడు. అందులో తెలివితేటల మాయ ఏమీ లేదండీ, పదేపదే చేయించడమే.

ఒక విన్నపం. పిల్లల చేతిలో ఓడిన పెద్దలు కొందరు చెయ్యి కలపకుండా లేచిపోతారు. మా వాడికి రెండుసార్లు జరిగింది. పిల్లవాడు గెలిచి కూడా బయటికి వచ్చి "అమ్మా, ఆ అంకుల్‌కు కోపం వచ్చింది" అని దిగాలుగా చెబుతాడు. బంటు64 గారు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి ఎలా తెలుసని అడిగారంటే నాకు ఎంత సంతోషం వేసిందో. ఆ పాప ఇంటికి వెళ్లి ఆ మాట పది మందికి చెప్పి ఉంటుంది.

---

పాత గడియారం | సోమవారం, మధ్యాహ్నం 2:05

మధ్యాట గారూ, ర్యాపిడ్ పిల్లల ఆట అనకండి. కోనేరు హంపి 2019లో మాస్కోలోనూ, 2024లో న్యూయార్క్‌లోనూ ప్రపంచ మహిళల ర్యాపిడ్ కిరీటం గెలిచింది. రెండోసారి గెలిచేనాటికి ఆమెకు 37 ఏళ్లు, ఒక బిడ్డ తల్లి. అక్కడ మొదటి రౌండు ఓడిపోయి కూడా పదకొండింటిలో 8.5 చేసింది. గుడివాడలో పుట్టిన అమ్మాయి. ఆ వయసులో ఆమెకు సాధ్యమైతే మనకు మన స్థాయిలో సాధ్యం కాదా?

ఎండ్‌గేమ్‌ల విషయంలో మాత్రం నేను పూర్తిగా బంటు64 గారి పక్షం. నేను గుంటూరులో ఆడటం మొదలుపెట్టిన రోజుల్లో ముల్లు గడియారాలు ఉండేవి. సమయం అయిపోవస్తుంటే ఎర్ర జెండా లేస్తుంది, పడితే ఆట పోతుంది. అదనపు సెకన్లు అనే మాటే లేదు. ఎత్తుకు కొంత సమయం కలిపే గడియారానికి మాజీ ప్రపంచ చాంపియన్ బాబీ ఫిషర్ 1988లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1992లో పాత ప్రత్యర్థి స్పాస్కీతో ఆడిన పునఃపోటీలో దాన్ని వాడారు. మన ఊళ్లకు అది చేరడానికి చాలా ఏళ్లు పట్టింది.

కానీ ఆ రోజుల్లో ఇంకొకటి ఉండేది, వాయిదా. ఆట తేలకపోతే ఎత్తును కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించి ఆర్బిటర్‌కు ఇచ్చి భోజనానికి వెళ్లేవాళ్లం. రాత్రంతా నలుగురం కలిసి ఆ స్థితిని బోర్డు మీద తిప్పి తిప్పి చూసేవాళ్లం. వాయిదా పడిన ఆటలు సాధారణంగా ఎండ్‌గేమ్‌లే. అలా మాకు ఏనుగుల ముగింపులు బలవంతంగా ఒంటబట్టాయి. కంప్యూటర్లు వచ్చాక వాయిదాలు పోయాయి, పోవాల్సిందే, వేరే దారి లేదు. కానీ దానితోపాటు పెద్దవాళ్లకు ఎండ్‌గేమ్ నేర్పే బడి కూడా మూతపడింది. దాని స్థానంలో ఇంకేమీ రాలేదు. పిల్లలకు గురువులున్నారు. ఉద్యోగస్థుడికి ఎవరున్నారు?

గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ మా గుంటూరు వాడే. అతని ఆటల్లో ఏమీ లేదనిపించే సమ స్థితిని గంటల తరబడి పిండి గెలిచినవి వెతికి చూడండి. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ చదరంగ ఒలింపియాడ్‌లో (దేశాల జట్ల పోటీ) మనకు రెండు స్వర్ణాలు వచ్చినప్పుడు ఓపెన్ జట్టులో అతనూ, వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఇరిగేశి ఉన్నారు. మహిళల జట్టులో ద్రోణవల్లి హారిక ఉంది. తెలుగు నేల మీద ఆట ఇంత ఎత్తుకు వెళ్లినప్పుడు, మనలాంటి మామూలు ఆటగాళ్లం ఫిలిడోర్ స్థితి తెలియదంటే బాధగా ఉండదా?

---

డాలస్ తెలుగు | సోమవారం, రాత్రి 8:45

ఇక్కడి పద్ధతి చెబుతాను, పోల్చుకోవడానికి పనికొస్తుంది. అమెరికాలో వారాంతపు టోర్నీ అంటే ఎక్కువగా అయిదు రౌండ్లు. శుక్రవారం సాయంత్రం ఒకటి, శనివారం రెండు, ఆదివారం రెండు. అన్నీ నిదానపు ఆటలే, ఒక్కోటి మూడు నాలుగు గంటలు సాగుతుంది. రేటింగును బట్టి విభాగాలు ఉంటాయి కాబట్టి మీకు దగ్గర స్థాయివారితోనే ఎక్కువ ఆటలు పడతాయి. శుక్రవారం ఆఫీసు నుంచి రాలేకపోతే ముందే చెప్పి ఆ రౌండు ఆడకుండానే అర పాయింటు (దీన్నే బై అంటారు) తీసుకోవచ్చు. ఉద్యోగస్థులకు ఇది గొప్ప వరం. బోర్డు, పావులు, గడియారం అన్నీ మనమే మోసుకెళ్లాలి. నా కారు డిక్కీలో ఎప్పుడూ ఒక సెట్టు ఉంటుంది.

బంటు64 గారి ఆటకు సంబంధించిన ముఖ్యమైన తేడా ఒకటుంది. ఇక్కడ చాలా టోర్నీల్లో అదనపు సెకన్లు కాకుండా అయిదు సెకన్ల డిలే వాడతారు. అంటే మీ వంతు రాగానే అయిదు సెకన్లు గడియారం ఆగి, తర్వాత నడుస్తుంది. మీరు రెండు సెకన్లలో ఎత్తు వేసినా మిగిలిన మూడు సెకన్లు ఖాతాలో పడవు. ఆ పాప చేసినట్టు వేగంగా ఆడి సమయం *పెంచుకోవడం* ఇక్కడ కుదరదు. అందుకే ఆమె నేర్చుకున్నది ఎండ్‌గేమ్ ఒక్కటే కాదు, 10 సెకన్ల అదనాన్ని ఎలా వాడుకోవాలో కూడా నేర్చుకుంది. తెలిసిన స్థితిలో చకచకా ఆడి నిమిషాలు పోగుచేసుకుని, తెలియని చోట ఖర్చుపెట్టడం. దాన్ని కూడా సాధన చెయ్యాలి.

---

బంటు64 | సోమవారం, రాత్రి 9:30

పాత గడియారం గారు వాయిదాల గురించి రాసింది చదివి చాలాసేపు ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆ కోణం నాకు తట్టలేదు.

మధ్యాట గారికి: క్లాసికల్ మంచిదని నేనూ ఒప్పుకుంటాను. కానీ మన దగ్గర క్లాసికల్ రేటింగు టోర్నీ అంటే నాలుగైదు రోజులు. సోమ, మంగళవారాలు సెలవు పెట్టాలి, లాడ్జిలో ఉండాలి. ఏడాదికి ఒకసారి కూడా కష్టం. ర్యాపిడ్ తప్ప నాకు దొరికేది లేదు. అలసట సంగతి నిజమే. అయితే మీరన్నదానికి సరిగ్గా వ్యతిరేకంగా తోస్తోంది నాకు. అలసిపోయినప్పుడు ఆలోచించి కనిపెట్టలేం కాబట్టే, అక్కడ ముందే తెలిసి ఉన్నది పనికొస్తుంది. ఆ అమ్మాయి ఆలోచించలేదు, ఆమెకు తెలుసు.

---

మధ్యాట | సోమవారం, రాత్రి 10:10

ఆ చివరి మాట బాగా చెప్పారు. ఒప్పుకుంటున్నాను.

అయినా సెలవుల సమస్యకు పరిష్కారం ఉంది, మన నిర్వాహకులే పట్టించుకోవడం లేదు. ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నియమాల ప్రకారం అరవై ఎత్తుల ఆటకు ఒక్కొక్కరికి కనీసం 60 నిమిషాలు వస్తే, 1800 కంటే తక్కువ రేటింగు ఉన్నవారి మధ్య దాన్ని క్లాసికల్‌గా లెక్కిస్తారు. 45 నిమిషాలు, ఎత్తుకు 15 సెకన్లు పెట్టండి. అరవై ఎత్తులకు 15 నిమిషాలు కలిసి సరిగ్గా 60. ఒక ఆట రెండు గంటలు. రోజుకు మూడు చొప్పున శని, ఆదివారాల్లో ఆరు రౌండ్ల క్లాసికల్ టోర్నీ హాయిగా అయిపోతుంది! 1800 లోపు అని పెడితే చాలు. ఎవరూ ఎందుకు పెట్టరు?

---

నిర్ణేత | మంగళవారం, ఉదయం 6:40

మధ్యాట గారి లెక్క సరైనదే. 1800 ఆ పైన ఉన్నవారు ఉంటే అరవై ఎత్తులకు 90 నిమిషాలు కావాలి, 2400 ఆ పైన అయితే 120. అందుకే 1800 లోపు అని గట్టిగా పరిమితి పెట్టాలి. ఇంకొక మాట: క్లాసికల్ అంటే ఎత్తులు రాయాలి. అదనం 30 సెకన్ల కంటే తక్కువ ఉన్నప్పుడు, గడియారంలో అయిదు నిమిషాల లోపుకు వచ్చినవారు రాయడం ఆపవచ్చు. ర్యాపిడ్‌లో రాయనవసరం లేదు కాబట్టి మీ ఆటలు మీ దగ్గర మిగలవు. మీరు నేర్చుకోవాలంటే ఆ కాగితమే మీ ఆస్తి.

---

మండపం | మంగళవారం, ఉదయం 10:20

నిర్వాహకుల తరఫున ఒక మాట. మేము మా ఊళ్లో చిన్న టోర్నీలు పెడుతుంటాం. హాలు అద్దె రోజుల లెక్కన కట్టాలి, ఆర్బిటర్ల భత్యం, ట్రోఫీలు, మంచినీళ్లు, జనరేటర్. ఇదంతా ప్రవేశ రుసుము మీదే నడవాలి. ర్యాపిడ్ ఓపెన్ అంటే పిల్లలు వందల్లో వస్తారు, ట్రోఫీల కోసం వయసుల వారీ విభాగాలు ఉంటాయి కాబట్టి. 1800 లోపు క్లాసికల్ అంటే ఎంతమంది వస్తారోనన్న భయం. పెద్దవాళ్లు ఫోరాల్లో అడుగుతారు, తీరా పెడితే పేరు నమోదు చేసుకోరు. చివరి రోజు వరకు ఆగి "చూద్దాం" అంటారు. ఒక నలభై మంది ముందుగా డబ్బు కట్టి నమోదు చేసుకుంటామంటే నేను పెట్టడానికి సిద్ధం. హృదయపూర్వకంగా చెబుతున్నాను.

---

కృష్ణాతీరం | మంగళవారం, ఉదయం 10:32

నా పేరు రాసుకోండి. మొదటివాడిని నేనే.

---

మధ్యాట | మంగళవారం, ఉదయం 10:50

రెండో పేరు నాది.

---

కొత్త గుర్రం | మంగళవారం, సాయంత్రం 5:15

నమస్కారం. కొన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాకు 34 ఏళ్లు, రాజమండ్రి. ఫోనులో బాగానే ఆడతాను, బోర్డు మీద టోర్నీ ఎప్పుడూ ఆడలేదు. రేటింగు రావాలంటే ఏం చెయ్యాలి? పిల్లల మధ్య కూర్చోవడానికి కొంచెం జంకుగా ఉంది. మొదటి టోర్నీలో అన్నీ ఓడిపోతే రేటింగు మరీ కిందికి వస్తుందా?

---

నిర్ణేత | మంగళవారం, రాత్రి 8:00

కొత్త గుర్రం గారూ, స్వాగతం. ముందుగా అఖిల భారత చదరంగ సమాఖ్య వెబ్‌సైటులో ఆటగాడిగా నమోదు కావాలి, దానికి రుసుము ఉంటుంది. ఫిడే సంఖ్య కూడా తీసుకోవాలి. తర్వాత రేటింగు ఉన్నవారితో కనీసం అయిదు ఆటలు పూర్తి కావాలి. అన్నీ ఒకే టోర్నీలో కానవసరం లేదు, 26 నెలల లోపు ఆడినవి కలుపుతారు. మొదటి టోర్నీలో రేటింగు ఉన్నవారి మీద ఒక్క అర పాయింటు కూడా రాకపోతే ఆ ఆటలను లెక్కలోకే తీసుకోరు, కాబట్టి ఆ భయం వద్దు.

2024 మార్చి 1 నుంచి క్లాసికల్‌లో పెద్ద మార్పు వచ్చింది. రేటింగుల కనీస హద్దు 1000 నుంచి 1400కు పెరిగింది. 2000 లోపు ఉన్నవారందరికీ, 2000కు ఎంత తక్కువున్నారో అందులో 40 శాతం కలిపారు. 1000 ఉన్నవారు 1400 అయ్యారు, 1500 ఉన్నవారు 1700 అయ్యారు. కొత్తవారికి రేటింగు లెక్కకట్టేటప్పుడు 1800 రేటింగు ఉన్న ఇద్దరు ఊహా ప్రత్యర్థులతో రెండు డ్రాలు చేసినట్టు కూడా కలుపుతారు. మొదటి రేటింగు మరీ పడిపోకుండా అది కాపాడుతుంది.

ఫోను విషయంలో జాగ్రత్త. పూర్తిగా ఆపి, ఆర్బిటర్ చెప్పిన చోట ఉంచండి. జేబులో ఉందని తెలిసినా ఆట పోతుంది, మోగాల్సిన పని లేదు. గడియారం వెంట తెచ్చుకోమని కొన్ని టోర్నీల ప్రకటనల్లో ఉంటుంది, అదీ చూసుకోండి.

---

డాలస్ తెలుగు | మంగళవారం, రాత్రి 9:10

కొత్త గుర్రం గారూ, ఒక్క సలహా. వెళ్లే ముందు నెల రోజులు నిజమైన బోర్డు మీద పావులు పెట్టుకుని సమస్యలు సాధించండి. తెర మీద బోర్డు పై నుంచి కనబడుతుంది, బల్ల దగ్గర కూర్చుంటే పక్క నుంచి. దూరంగా మూలనున్న శకటు తెర మీద కనిపించినంత సులువుగా బల్ల మీద కనిపించదు. కళ్లకు అలవాటు కావాలి.

పిల్లల సంగతి: 200 పాయింట్లు పైనున్నవారికి సగటున నాలుగింట మూడు పాయింట్లు రావాలని ఎలో (రేటింగులు కట్టే పద్ధతి) లెక్క. అంటే అంత తక్కువ రేటింగు ఉన్న పిల్లతో డ్రా అయితే, క్లాసికల్‌లో కే విలువ (ఒక ఆట రేటింగును ఎంత మార్చగలదో చెప్పే అంకె) 20 ఉన్న మనకు పోయేది అయిదు పాయింట్లు. ఆ అయిదు పాయింట్లకు ఫిలిడోర్ స్థితి నేర్పితే అంతకంటే చవకైన ట్యూషన్ ఎక్కడ దొరుకుతుంది?

---

అమ్మ_హనుమకొండ | మంగళవారం, రాత్రి 9:25

జంకు వద్దు బాబూ. పిల్లలు మీ వయసు చూడరు, బోర్డు చూస్తారు. మా వాడికైతే పెద్దవాళ్లతో ఆట పడితే పండగే.

---

పాత గడియారం | బుధవారం, ఉదయం 7:00

మాటలతో ఆగవద్దు. ఆ అమ్మగారు చెప్పిన పద్ధతినే మనమూ చేద్దాం. నేను రిటైరయ్యాను, తీరిక ఉంది. వారానికి ఒక సాయంత్రం ఆన్‌లైన్‌లో ఒక స్థితి పెడతాను. ఇద్దరిద్దరు జతగా ఆడాలి, 5 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు. అయ్యాక వైపులు మార్చుకుని మళ్లీ.

మొదటి వారం ఫిలిడోర్, మూడో వరుస కాపలా (నల్ల వైపు నుంచి మూడోది, తెలుపు వైపు నుంచి ఆరోది). రెండో వారం లూసెనా, అంటే బంటు ఏడో గడిలో, రాజు దాని ముందు ఉన్నప్పుడు ఏనుగుతో వంతెన కట్టి గెలవడం. మూడో వారం, బంటు64 గారు చెప్పిన ఎనిమిదో వరుస రక్షణ. అది ఎప్పుడూ తప్పే అనుకోకండి. చివరి రెండు నిలువు వరుసల బంటులైతే, అంటే ఏ, బీ, జీ, హెచ్ బంటులైతే ఏనుగును ఎనిమిదో వరుసలో ఉంచుకుని కూడా నిలబడవచ్చు. మధ్య బంటులకు (డీ, ఈ), శకటు బంటులకు (సీ, ఎఫ్) మాత్రం రాజు వెనక్కి నెట్టబడ్డాక ఆ రక్షణ ఓడిపోతుంది. ఈ తేడా చేతికి తెలియాలి. నాలుగో వారం సంగతి తర్వాత చూద్దాం.

ఎవరెవరు వస్తారు?

---

బంటు64 | బుధవారం, ఉదయం 7:12

నేను వస్తాను. మొదటి వారం నల్లపావులు నాకే ఇవ్వండి.

---

కొత్త గుర్రం | బుధవారం, ఉదయం 8:40

నేనూ వస్తాను. మండపం గారి జాబితాలో కూడా నా పేరు చేర్చండి, మొదటి టోర్నీ అదే ఆడతాను.

---

మండపం | బుధవారం, ఉదయం 9:05

చేర్చాను. ఇప్పటికి పదకొండు మంది అయ్యారు, ముగ్గురు నాకు విడిగా సందేశం పంపారు. ఇరవై దాటగానే హాలు తేదీలు అడిగి ఇక్కడ రాస్తాను. 45 నిమిషాలు, 15 సెకన్లు, ఆరు రౌండ్లు, 1800 లోపు. దూరం నుంచి వచ్చేవాళ్లు శనివారం మొదటి రౌండు ఎన్ని గంటలకు ఉంటే వీలో చెప్పండి. తొమ్మిదిన్నర అనుకుంటున్నాను.

---

కృష్ణాతీరం | బుధవారం, ఉదయం 9:20

పది అయితే రాజమండ్రి, ఏలూరు నుంచి పొద్దున్నే రైల్లో వచ్చేవాళ్లకు కూడా అందుతుంది. పది పెట్టండి.